వదినకు నేర్పని మాట

నాకు ఇటలీ భాషలో పది మాటలు వచ్చు. తొమ్మిది మాటలు పని మొదలుపెట్టేటప్పుడు అనేవి. పదోది ఆగమని చెప్పేది. తొమ్మిదీ మా వదినకు నేర్పాను. పదోది నేర్పలేదు. మరిచిపోయానని అప్పట్లో అందరికీ చెప్పాను. మరవలేదు. అది చెప్పడానికే ఈ కాగితాలు పట్టుకున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. మొదట తమిళ అక్షరాలు. తెలుగు అక్షరాలు ఇంకా చాలా ఆలస్యంగా, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కోడలు నేర్పింది. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, గడప దాటితే తమిళం. తెలుగును కాగితం మీద పెట్టవచ్చని మా వంశంలో ఎవరికీ తెలియదు. "నీ తెలుగు మా అవ్వకన్నా ముసలిది అత్తా" అని కోడలు నవ్వుతుంది. ఈ వాక్యాలు ఆమె దిద్దింది. విషయం మాత్రం దిద్దవద్దని చెప్పాను. చదివాక రెండు రోజులు నా ముఖం చూడలేదు.

వదిన మా మేనమామ కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్దది. ఇద్దరం కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లెలో పుట్టాం. వరసగా వానలు తప్పి పత్తి చేలు పగుళ్ళిచ్చిన కాలంలో మా రెండు కుటుంబాలూ విరుదునగర్ చేరాయి. ఊరి బయట నూలు మిల్లు ఉండేది. మిల్లు వెనక పనివాళ్ళ లైను ఇళ్ళు. ఒకే గోడకు అటు వదిన, ఇటు నేను. ఆమె మిరపకాయ తాళింపు వేస్తే నా ఇంట్లో తుమ్ములు వచ్చేవి.

వదిన మొగుడు కూతురినీ కొడుకునీ ఆమెకు వదిలి లారీ మీద పనికి వెళ్ళి తిరిగి రాలేదు. చచ్చాడో, ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడో ఈ రోజు వరకూ తెలియదు. అలాంటి ఆడదాన్ని మా వాళ్ళు శుభకార్యంలో ముందు నిలబెట్టరు. పసుపు దంచేచోట నుంచి కూడా మెల్లగా పక్కకు జరుపుతారు. వదిన విషయంలో మాత్రం అది తిరగబడింది. ఆమెకు చేతివాసి ఉందని పేరు. మా పక్క కైరాసి అంటారు. ఆమె చేయి పెట్టి మొదలుపెట్టిన పని చెడదు. కొత్త పొయ్యి వెలిగించాలన్నా, విత్తనం మొదటి పిడికిలి చల్లాలన్నా, బిడ్డకు మొదటి అన్నం ముద్ద పెట్టాలన్నా వదిననే పిలిచేవాళ్ళు. పక్క వరసలో క్రైస్తవుల ఇళ్ళుండేవి. ఇలాంటివి మేం నమ్మమని గట్టిగా చెప్పేవాళ్ళు. బావి తవ్వేటప్పుడు మొదటి గడ్డపార పోటుకు వాళ్ళూ వదిననే పిలిచారు. నీళ్ళు తియ్యగా పడ్డాయి.

ఆ చేయి ఒక్కటే వదినకు ఉన్న ఆస్తి. దాని వల్లే ఆమె తలెత్తుకుని నలుగురిలో నిలబడగలిగేది. నాకు మొగుడు ఉన్నాడు, ఇద్దరు కొడుకులు ఉన్నారు, అయినా ఎవరూ నన్ను ఏ పనికీ ముందు పిలవలేదు. అది నాకు కుళ్ళుగా ఉండేది. పెద్ద వయసులో దాన్ని అందంగా చెప్పుకోవలసిన పని లేదు. కుళ్ళే.

తొంభైల మొదట్లో మిల్లు క్యాంటీన్‌లో మధ్యాహ్నం అన్నాల తర్వాత అరగంట చదువు చెప్పడం మొదలుపెట్టారు. బడి పంతులమ్మ ఒకామె వచ్చేది. నూలు చుట్టే వైండింగులో పనిచేసే ఆడవాళ్ళం పదిమంది పలకలు పట్టాం. వదినను కూడా రమ్మన్నాను.

"నాకెందుకే అచ్చరాలు?" అంది వదిన, వక్క కొరుకుతూ. "నేను మొదలుపెడతా, మీరు రాసుకోండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పేరు నేను రాసుకున్న రోజు పలక తీసుకెళ్ళి ఆమెకు చూపించాను. "ఇదా నువ్వు? ఇంత పొట్టిగా ఉండావే" అంది. ఆ రోజు అదీ నచ్చలేదు నాకు.

తొంభైల మధ్యలో మిల్లుకు ఇటలీ నుంచి కొత్త వైండింగు యంత్రం వచ్చింది. అప్పటిదాకా మేము చిన్న కండెల నూలును పెద్ద కోనుల మీదికి చుట్టించేవాళ్ళం, దారం తెగితే చేత్తో ముడివేసేవాళ్ళం. కొత్తది ముడి లేకుండా దారాన్ని తానే అతుకుతుందట. దాన్ని బిగించడానికి యంత్రంతో పాటు ఒక మనిషి కూడా వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. బట్టతల, ఎర్రటి మెడ, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. మిల్లు ఇంజనీరు కుర్రవాడికి ఇంగ్లీషు బాగా వచ్చు, ఈయనకే సరిగా రాదు. సైగలతో, బొమ్మలు గీసి మాట్లాడుకునేవాళ్ళు. పనిలో దిగాక మాత్రం ఆయన నోట సొంత భాషే వచ్చేది. ఎవరికైనా అంతే కదా, బరువెత్తేటప్పుడు అరువు భాష పలకదు.

కొత్త యంత్రం మీద పనికి ముగ్గురు ఆడవాళ్ళను ముందు తీసుకున్నారు. అక్షరాలు వచ్చని నన్నూ తీసుకున్నారు. ఇంజనీరు ఒక నోటుబుక్కు ఇచ్చాడు. "ఆయన యంత్రం వెనకనుంచి కేకేస్తాడు, మీరు ముందునుంచి బటన్ నొక్కాలి. ఏ మాటంటే ఏం చేయాలో రాసుకో. నువ్వు నేర్చుకుని మిగిలినవాళ్ళకి నేర్పు. అది నీ పని" అన్నాడు. నా బతుకులో ఒకరు నాకు కాగితం పని చెప్పడం అదే మొదలు.

పొద్దున ఆయన షెడ్డులోకి వస్తూ చేతులు రుద్దుకుని "అల్ లవోరో" అనేవాడు. పనిలోకి దిగుదాం అని. పానాలు పరిచి, మమ్మల్ని చుట్టూ చూసి "కొమిన్చామో" అనేవాడు. మొదలుపెడదాం. కొత్తగా ఏదైనా బిగించాక "ప్రొవియామో", చూద్దాం ఒకసారి. అందరూ చోట్లలో ఉన్నారా అని అడగడానికి "ప్రోంతి?" మేము తల ఊపితే "వీయా". ఆ మాటకు బటన్ నొక్కాలి. ఎవరైనా నీళ్ళు నమిలితే "దాయి, దాయి", కానీ కానీ అని. బరువు తొయ్యాలంటే "ఫోర్సా". ట్రాలీ ముందుకు రావాలంటే "అవాంతి". ఆగిన పని మళ్ళీ ఎత్తుకునేటప్పుడు "రికొమిన్చామో".

ఇన్ని మాటలా ఒక్క మొదలుకు అని నాకు ఆశ్చర్యం. ఆలోచిస్తే మనకూ ఉన్నాయి. మూట దగ్గర "ఎత్తు" అంటాం, నాగలి దగ్గర "పట్టు" అంటాం, ఆకు ముందు కూర్చుంటే "కానియ్యండి" అంటాం, వాయిదా వేసేవాడితో "ఊ, కానీ" అంటాం. ఎవరూ రాసుకోలేదు గనక నేనూ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇటలీ మాటలు రాస్తూ ఉంటే నా మాటలు నాకు వినిపించాయి. ఆ నెలన్నర నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. ఆయన పొద్దున గుమ్మంలోకి రాగానే నేనే ముందు "అల్ లవోరో" అనేదాన్ని. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని గట్టిగా నవ్వేవాడు. ఒకసారి పెరుగన్నంలో మోరు మిరపకాయ, మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టింది, కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే బెల్లం ముక్క ఇచ్చాను. ఆ తర్వాత ఏ అనుమానం వచ్చినా నన్నే పిలిచేవాడు.

పదో మాట మొదటి రోజే నేర్చుకున్నాను. "అస్పెత్తా." ఆగు, ఉండు. రోజులో అన్నిటికన్నా ఎక్కువసార్లు అనేది అదే. ఎదురుగా ఉంటే అరచేయి చూపిస్తాడు గనక ఎవరికైనా తెలుస్తుంది. యంత్రం వెనక వంగి ఉంటే గొంతు ఒక్కటే దిక్కు. అందుకే నోటుబుక్కులో దాని కింద రెండు గీతలు గీశాను.

బిగింపు అయిపోయింది. ప్రారంభానికి మంచి రోజు చూశారు. మిల్లు యజమానిని మేం మొదలాళి అంటాం. ఆయన తల్లి అప్పటికి బతికే ఉంది. మొదటి బటన్ ఎవరు నొక్కాలన్న మాట వచ్చినప్పుడు ఆమె ఒక్కటే అడిగిందట: "ఆ బావి తవ్వించిన చెయ్యి ఎవరిది?" వదినను పిలిచారు.

నేను ఆ మాట కోనులు తుడుస్తూ విన్నాను. నెలన్నర ఆ యంత్రం పక్కన నిలబడింది నేను. నూనె మరకలు నా చీర మీద. వదిన అప్పటికి ఆ షెడ్డులో అడుగు కూడా పెట్టలేదు, పాత వైండింగులోనే ఉంది. యజమాని తల్లి నన్ను అడిగి ఉంటే ఎంత బాగుండు అని ఎవరితోనూ అనలేదు. లోపల మాత్రం మండింది.

ఇంజనీరు నా దగ్గరికి వచ్చి, "మీ బంధువే కదా. మాటలన్నీ నేర్పు. ఆ రోజు ఆయన వెనకనే ఉంటాడు, నేను యజమాని దగ్గర ఉండాలి" అన్నాడు.

ఆదివారం పొద్దున వదిన వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ప్రోంతి అంటే?"

"సిద్ధమా అని. నువ్వు బటన్ మింద వేలు పెట్టాల."

"వీయా?"

"నొక్కాల."

"వీయా అంట. వియ్యపురాలిని పిల్చినట్ల ఉండాది" అంది వదిన. "దాయి అంటే ఏమి సెప్తివి?"

"కానీ అని. తొందర చెయ్యమని."

"వాళ్ళ ఊర్లో కూడా తొందరేనా? నేను అక్కడ అంతా నిదానం అనుకొంటి." ఎర్రబడ్డ వేళ్ళు కొంగుకు తుడుచుకుని, ఒక్కొక్క మాటా నాలుగేసిసార్లు పలికింది. రాయడం రాని మనిషి ఎంత త్వరగా నోటికి పట్టుకుంటుందో చూసి ఇంకా మండింది నాకు. నేను వారం పట్టి రాసుకున్నవి ఆమెకు ఒక బుట్ట మిరపకాయలు అయ్యేలోపు వచ్చేశాయి.

తొమ్మిది అయ్యాయి.

"ఇంతేనా?" అంది.

నోటుబుక్కు నా ఒళ్ళో తెరిచే ఉంది. రెండు గీతలు కనబడుతూనే ఉన్నాయి. "ఇంతే" అన్నాను.

ఎందుకన్నానో అడగవద్దు. ఆమెకు చెడు జరగాలని కోరుకోలేదు. యంత్రం పాడవాలని అనుకోలేదు. ఒక్క మాట నా దగ్గర ఉంచుకోవాలనుకున్నాను. ఆ రోజు ఆమె తడబడితే, నేను ముందుకు వెళ్ళి "ఆగమంటున్నాడు వదినా" అని చెప్తే, అందరూ నా వంక చూస్తారు కదా అనుకున్నాను. అంత చిన్న ఆశ.

ప్రారంభం రోజు యంత్రానికి పసుపు కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు, కాళ్ళ కింద నిమ్మకాయలు పెట్టారు. యజమాని కుటుంబం అంతా వచ్చింది. వదిన ఆకుపచ్చ చీర కట్టుకుని బటన్ల పెట్టె ముందు నిలబడింది. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో, కోనుల ట్రాలీ పక్కన. ఇటలీ ఆయన వెనక ఉన్నాడు. కొబ్బరికాయ కొట్టారు.

వెనకనుంచి "ప్రోంతి?" అని వినబడింది.

వదిన వేలు పెట్టింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది.

తర్వాత వెనక ఏదో లోహం కిందపడ్డ చప్పుడు. "అస్పెత్తా" అన్నాడు ఆయన. మళ్ళీ, "అస్పెత్తా."

వదిన కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. ఏమిటది అని కళ్ళతో అడిగింది.

నేను ఎన్నోసార్లు ఆ క్షణాన్ని సాగదీసి చూసుకున్నాను. ముందుకు వెళ్ళి చెప్పాలనుకున్న మాట అదే. నోటిదాకా వచ్చింది. నేను తల దించుకుని కొంగు సర్దుకున్నాను.

ఆమె నొక్కింది.

యంత్రం ఒక్కసారిగా అరిచింది. బెల్టు తెగి గోడకు కొట్టుకుంది. దారం డ్రమ్ముల చుట్టూ చుట్టుకుపోయి కోనులు ఎగిరిపడ్డాయి. ఒకటి యజమాని తల్లి కాళ్ళ దగ్గరికి దొర్లింది. బంతిపూల దండను యంత్రం లోపలికి లాక్కుని నలిపేసింది. ఇంజనీరు పరుగెత్తి ఆపాడు. ఇటలీ ఆయన వెనకనుంచి బయటికి వచ్చాడు. దేవుడి దయ, చేయి అప్పుడే బయటికి తీశాడు. కళ్ళద్దాలు మాత్రం లోపల పడి పొడి అయిపోయాయి.

ఆయన భయపడ్డాడు, తర్వాత అందరి ముఖాలూ చూసి నవ్వాడు. చేతులు రుద్దుకుని "రికొమిన్చామో" అన్నాడు. మళ్ళీ మొదలుపెడదాం. ఆయనకు అది అంతే. బెల్టు మార్చి, దారం కోసేసి మళ్ళీ ఎత్తుకునే పని.

ఎవరూ కదల్లేదు. ఆయన మళ్ళీ అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు, మా దగ్గర మొదలు ఒకసారే ఉంటుందని, అది విరిగితే దాన్ని మొదలుపెట్టిన చేతిని చూస్తారు గానీ బెల్టును చూడరని. యజమాని తల్లి చెప్పు కాలితో ఆ కోనును పక్కకు తోసి, వదిన మెడ వైపు, చేతుల వైపు చూసింది. "మొగుడు విడిచిన దాన్ని నిలబెట్టమని ఎవరు చెప్పారు?" అంది తమిళంలో. పిలిపించింది ఆమే.

లైను ఇళ్ళకు నడుస్తూ వదిన అడిగింది: "ఆ మాట ఏమిటికే నాకు సెప్పలే?"

"మరిచిపోతి వదినా."

"నాకు తెలిసిన మాటలన్నీ మొదలుపెట్టేవే. ఇదీ అట్లాంటిదే అనుకొంటి." కొంచెం దూరం పోయాక అంది, "పోనీలే, నువ్వు మాత్రం ఏమి సేస్తావు, అన్ని మాటలు."

నన్ను ఓదార్చింది.

మూడు రోజులు యంత్రం ఊరికే ఉంది. నాలుగో రోజు మంచి గడియలో ఇంజనీరు నన్ను పిలిచాడు. "మాటలు తెలిసిన మనిషే నొక్కనీ" అన్నాడు. "వీయా" అన్నాడు ఇటలీ ఆయన. నేను నొక్కాను. దారం నీళ్ళలాగా పారింది. ఆ యంత్రం ఏళ్ళ తరబడి ఒక్క రోజు మొండికేయలేదు.

మిగిలింది ఊహించుకోవచ్చు. వారం తిరగకముందే పక్క లైను ఆమె కొత్త పొయ్యి వెలిగించడానికి నన్ను పిలిచింది. నేను వెళ్ళాను. గోడకు అవతల వదిన ఉందని తెలిసే, పట్టుచీర కట్టుకుని ఆమె వాకిలి ముందునుంచే వెళ్ళాను. తర్వాత బిడ్డ అన్నప్రాశన. తర్వాత మిరపకాయల మండీలో కొత్త త్రాసు. నా చేయి మంచిదన్నారు. నాకు నచ్చింది. పడుకుంటే గుండె పీకింది అని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం. మొదటి రెండేళ్ళు హాయిగానే నిద్రపోయాను.

వదినను వేస్టు పత్తి ఏరే గదికి మార్చారు. పసుపు దంచే చోటికి ఆమె తనంతట తానే రావడం మానేసింది. ఆమె కూతురి పెళ్ళిలో, సొంత కూతురి పెళ్ళిలో, వెనక గదిలో బియ్యం మూటల పక్కన కూర్చుంది. ముందు నిలబడి పనులు జరిపింది నేను. పెళ్ళయ్యాక ఆమె కోవిల్‌పట్టి వెళ్ళిపోయింది. ఆమె కొడుకు అక్కడ వేరుశనగ మిఠాయి చేసేచోట పనికి కుదిరాడు.

యంత్రం ప్రారంభమై పన్నెండేళ్ళు గడిచాయి. పండగలకూ చావులకూ కలిసేవాళ్ళం. ఒక రోజు వదిన తన కోడలిని వెంటబెట్టుకుని విరుదునగర్‌లో నా ఇంటికి వచ్చింది. నేను రెండుసార్లు రమ్మన్నాకే గడప దాటింది. తాంబూలం పళ్ళెం తన చేత్తో ఇవ్వలేదు, కోడలి చేత ఇప్పించింది.

"కొడుకు సొంతంగా మిఠాయి పొయ్యి పెడతా ఉండాడు" అంది. "నువ్వు వచ్చి వెలిగించాల. నీ సెయ్యి మంచిది."

వస్తానన్నాను. వాళ్ళు వెళ్ళాక తలుపు వేసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా పడని సిగ్గంతా అప్పుడు పడ్డాను.

ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి కోవిల్‌పట్టి చేరాను. రేకుల షెడ్డు. కొత్త పొయ్యి, దాని మీద పెద్ద ఇనుప బాణలి, పక్కన వేయించి పొట్టు తీసిన గింజలు, నల్ల బెల్లం అచ్చులు. బంధువులు పదిహేను మంది దాకా ఉన్నారు. వదిన షెడ్డు బయట, నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి ఉంది. సొంత కొడుకు పొయ్యి వెలిగేటప్పుడు లోపలికి రాలేదు. నేను లోపలికి వెళ్ళకుండా ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. నోటుబుక్కు, రెండు గీతలు, కొంగు సర్దుకోవడం, అంతా.

వదిన తొట్టిలో నీళ్ళు చూస్తూ విన్నది.

"మొదటి దినమే తెలుసునా నీకు ఆ మాట?"

"మొదటి దినమే."

"మరిచిపోతినంటివి."

"అబద్ధం సెప్తిని."

"నొక్కేదానికి ముందు నీ మొగమే సూస్తినే నేను."

"సూసినావు."

లోపలనుంచి కొడుకు, "అత్తా, గడియ దాటిపోతాది" అని పిలిచాడు.

"నీ సెయ్యి ఎప్పుడూ మంచిదే వదినా" అన్నాను. "నువ్వే వెలిగించు. ఇప్పుడే లోపలికి పోయి అందరికీ నేను సెప్తా."

"ఎవరికి సెప్తావు? మొదలాళి తల్లి సచ్చిపాయ. మిల్లు మూసేసిరి. కూతురు పెండ్లిలో మూటల పక్కన కూసుంటి, ఆ దినం పోయి ఎవరికి సెప్తావు?" గొంతు పెంచలేదు. "పన్నెండేండ్లు నా సెయ్యి సెడ్డదని నేనే నమ్మితి. మనవడు పుడితే వాడికి మొదటి నీళ్ళు పొయ్యలే నేను. బయపడితి. ఇప్పుడు నువ్వు వచ్చి కాదంటే ఈ సెయ్యి నా మాట ఇంటాదా?"

నేను ఆమె చేయి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"లోపలికి పో. వెలిగించు."

"నేను వెలిగించలేను వదినా."

"వెలిగిస్తావు. నలుగురు నిన్ను నమ్ముతారు. నా కొడుకు యాపారం అది. నీ పాపం కడుక్కునేదానికి నా కొడుకు పొయ్యి ఇయ్యను."

వెళ్ళాను. అగ్గిపుల్ల మొదటిది విరిగింది. రెండోది వెలిగింది. బెల్లం కరిగి, ముదురు పాకం వచ్చి, గింజలు పడి, చెక్క పలక మీద పరిచి కత్తితో గీతలు పెట్టారు. ఒక్క ముక్క కూడా విరగలేదు. అందరూ నా చేతిని మెచ్చుకున్నారు. బయటికి వచ్చేసరికి తొట్టి దగ్గర వదిన లేదు. చాలాసేపు చూసి బస్సుకు వచ్చేశాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. కొడుకు వ్యాపారం బాగా సాగింది. నా చేతి వల్లే అంటారు.

అప్పటినుంచి ఎవరు పిలిచినా వెళ్ళడం మానేశాను. మిల్లులో మాతో పనిచేసిన ఆడవాళ్ళలో బతికి ఉన్నవాళ్ళు విరుదునగర్‌లో ఏడుగురు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి జరిగింది చెప్పాను. ఒకామె, "పెద్దదానివై ఎంత అణకువే నీకు" అంది. ఇంకొకామె, "పాత కత ఎందుకులే, నువ్వు నొక్కినాక బాగానే నడిచె కదా" అంది. ఇద్దరు వింటూనే బియ్యంలో రాళ్ళు ఏరుకున్నారు.

ఆఖరున వెళ్ళింది పళ్ళూడిపోయిన ఒక ముసలామె ఇంటికి. ఆమె మాత్రం అడ్డురాకుండా చివరిదాకా విన్నది.

"అయితే ఆ యమ్మ సెయ్యి మంచిదేనా?" అంది.

"మంచిదే. ఎప్పుడూ మంచిదే."

"అయ్యో పాపం" అని కాసేపు తల ఊపింది. తర్వాత అంది: "మా మనవరాలు కుట్టు మిషను కొనె. రేపు పొద్దున మొదటి కుట్టు వెయ్యాల. నువ్వే రా. కోవిల్‌పట్టి దూరం."

రానన్నాను. వదినను పిలవమని, ఛార్జీలు పెట్టి నేనే తీసుకొస్తానని చెప్పాను. ముసలామె మనవరాలి వైపు చూసింది. మనవరాలు మిషను మీద గుడ్డ సర్దుతూ, "ఎందుకులే అవ్వా" అంది మెల్లగా.

అయినా వదినకు కబురు పంపాను. ఆమె రాలేదు. మొదటి కుట్టు ఎవరు వేశారో నాకు తెలియదు.